పద్నాలుగు తప్పు జోస్యాలు

"ఆ మంత్రగత్తెకి సేనాపతి అంటే ఇష్టం లేదు. అసలు ఆవిడకి ఎవరన్నా ఇష్టం లేదు," అంది ఆ అమ్మాయి, ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే.

నాకు ఒళ్లు మండింది. అంతకుముందు ఇరవై నిమిషాలు గొంతు చించుకుని నేను నిరూపించింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

"మీరు ఆలస్యంగా వచ్చారు," అన్నాను.

"బస్సు ఆలస్యమైంది. దానికీ మంత్రగత్తెకీ ఏం సంబంధం?"

"నేను చెప్పింది మీరు వినలేదు కదా అని."

"మెట్లెక్కుతుంటే మొత్తం వినిపించింది. మీ గొంతు చిన్నదేం కాదు."

బస్సు బాబాయ్ ఫక్కున నవ్వాడు. లైబ్రేరియన్ మేడం అలవాటు కొద్దీ "ష్!" అన్నారు. ఆదివారం లైబ్రరీకి సెలవు, కింద చదువుకునేవాళ్లెవరూ లేరు. అయినా ఆవిడకి ఆ "ష్" అనకపోతే తోచదు.

మేం కలిసేది ఆ లైబ్రరీ పై అంతస్తులో, పాత పేపర్ల కట్టలు పెట్టే గదిలో. మా అందరికీ ఉన్న పిచ్చి ఒక్కటే, 'నీలికోట' సీరియల్. ప్రతి శుక్రవారం సాయంత్రం ఏడింటికి వస్తుంది. ఆదివారం పదింటికి మేం దాని మీద పడి కొట్టుకుంటాం. మేడం అధ్యక్షురాలు. రిటైరైన బస్సు డ్రైవర్ బాబాయ్ సభకి ఊపిరి. సీరియల్ మధ్యలో నిద్రపోయి కూడా అన్నిటికంటే గట్టిగా వాదించేది ఆయనే. నేను కార్యదర్శిని. నా ఉద్యోగం కట్టుడు పళ్లు చేసే ల్యాబులో. డాక్టర్ని కాదని వందసార్లు చెప్పాను, అయినా అందరూ నన్ను 'పళ్ల డాక్టరు' అనే పిలుస్తారు.

సీరియల్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. నీలికోటలో మంత్రం ఊరికే పనిచెయ్యదు. మంత్రం వేసిన ప్రతిసారీ వేసినవాళ్ల జ్ఞాపకం ఒకటి పోతుంది. ఆ వారం మంత్రగత్తె వరదని ఆపి కోటని కాపాడింది. తర్వాత తన కోసం ప్రాణాలకి తెగించి నదిలో దూకిన సేనాపతి వైపు తిరిగి, "ఎవరు నువ్వు?" అని అడిగింది.

"మంత్రం తనకి కావాల్సిన జ్ఞాపకాన్ని తనే లాక్కుంటుంది," అన్నాను నేను. "అన్నిటికంటే ప్రియమైనదాన్ని. సేనాపతిని మర్చిపోయిందంటే ఆవిడకి అంతకంటే ప్రియమైనది లేదన్నమాట."

"లాక్కోలేదు. ఆవిడే ఏరి ఇచ్చింది. ఇల్లు మారేటప్పుడు పనికిరాని సామాను ముందు పారేస్తాం కదా? అలాగే."

"సేనాపతి పనికిరాని సామానా?"

"పదేళ్ల నుంచి పక్కనే తిరుగుతూ ఒక్క మాట చెప్పలేదు. మరి దేనికి పనికొస్తాడు?"

బాబాయ్ బల్ల మీద చరిచాడు. అప్పుడు గమనించాను. ఆ అమ్మాయి ఎడమ చేతికి గడియారం ఉండాల్సిన చోట ఒక చిన్న ఆకుపచ్చ మఖమల్ దిండు కట్టుకుని ఉంది. దానినిండా గుండుసూదులు. విప్పడం మర్చిపోయి వచ్చిందట; తర్వాత ఆదివారాలూ మర్చిపోతూనే ఉంది. యూనిఫాంలు కుట్టే చోట పని అని చెప్పింది. ఆ రోజు నుంచి మా సభలో ఆమె పేరు 'సూది'. దిండు వల్లో నోటి వల్లో మాత్రం చెప్పలేను.

సభ ముగిసే ముందు మాకొక ఆచారం ఉంది. వచ్చే వారం ఏం జరుగుతుందో ఒక్కొక్కరూ ఒక్క జోస్యం చెప్పాలి. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కాబట్టి రాసేది నేను. శుక్రవారం సీరియల్ అయ్యాక పక్కన రైటో తప్పో కొడతాను.

"సేనాపతి కోట వదిలి వెళ్లిపోతాడు," అంది సూది.

శుక్రవారం సేనాపతి వెళ్లలేదు సరికదా, మంత్రగత్తె గుమ్మం ముందు కాపలావాడిగా చేరాడు. నేను ఎర్రసిరాతో పెద్ద తప్పు కొట్టాను. అంత సంతోషంగా నా జన్మలో ఏదీ కొట్టలేదు.

తర్వాత వారాలు ఇలాగే గడిచాయి. ఆమె తప్పు చెప్పేది, నేను వెక్కిరించేవాణ్ణి, ఆమె అంతకంటే ఘోరమైన తప్పు ఇంకోటి చెప్పేది. ఎంత వాదనలో ఉన్నా నా కప్పులో టీ అయిపోతే ముందు చూసేది ఆమే. నాకు ఆదివారం శనివారమే మొదలవడం మొదలైంది. శనివారం ల్యాబులో చొక్కా మీద పడిన ప్లాస్టర్ పొడిని మూడుసార్లు దులుపుకునేవాణ్ణి.

ఒక ఆదివారం సభ అయ్యేసరికి జోరున వాన. నా దగ్గర గొడుగు ఉంది, ఆమె దగ్గర లేదు. ఇద్దరం బస్టాపు దాకా ఒకే గొడుగు కింద నడిచాం. గొడుగు మొత్తం ఆమె వైపే పట్టుకున్నాను. నా కుడి భుజం తడిసి ముద్దయింది.

"పళ్లు చెయ్యడంలో అన్నిటికంటే కష్టం ఏమిటి?" అని అడిగింది.

"రంగు. పక్క పన్ను తెల్లగా ఉండదు. కొంచెం పసుపు, కొంచెం బూడిద, అంచున గాజులా ఉంటుంది. ఎవరికీ తెలియకుండా అందులో కలిసిపోవాలి. బాగా చేస్తే మనం చేసినట్టే తెలియదు."

ఆమె నడుస్తున్నదల్లా ఆగింది. నా వైపు అదోలా చూసింది.

"బాధగా ఉండదా? మీరు చేశారని ఎవరికీ తెలియకపోతే?"

"అప్పుడప్పుడు ఉంటుంది. ఎవరైనా నవ్వుతుంటే అది నా పన్నే అని అరవాలనిపిస్తుంది."

ఆమె పగలబడి నవ్వింది. నేను అక్కడే, ఆ నీళ్లలోనే ప్రేమలో పడ్డాను. వేరేగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ సంతోషం సరిగ్గా ఒక్క వారం నిలిచింది. తర్వాతి ఆదివారం పేపర్ కట్టల వెనక కుర్చీలు సర్దుతుంటే, అటువైపు మేడం గొంతు వినిపించింది.

"ఏమ్మా, మన పళ్ల డాక్టరు నీకెలా అనిపిస్తున్నాడు?"

"ఏముందండీ, బోర్," అంది సూది. "తను చెప్పిందే రైటంటాడు."

కుర్చీ నా కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. గురువారం ల్యాబులో ప్లాస్టర్ గట్టిపడేదాకా చేసేదేమీ లేక జోస్యాల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. సూది చెప్పినవాటిలో ఫలితం తేలినవి పద్నాలుగు. పద్నాలుగు పక్కనా ఎర్ర తప్పులు.

మళ్లీ లెక్కపెట్టాను. నిద్రపోతూ చూసే బాబాయ్‌వే ఆరు రైటయ్యాయి. కళ్లు మూసుకుని చెప్పినా మనిషన్నవాడికి అప్పుడప్పుడు ఒకటి తగులుతుంది. ఒక్కటంటే ఒక్కటి తగలకుండా, అంత తెలివైన పిల్ల, పద్నాలుగు వారాలు వరసగా తప్పు చెప్పాలంటే ఒకటే దారి. ఆమెకి నిజం తెలిసుండాలి.

యూనిఫాంలు. సైనికుల యూనిఫాంలు! సీరియల్ కోసం బట్టలు కుట్టే చోట పనిచేస్తూ, కథ బయటపెట్టనని సంతకం చేసి, ఎక్కడ నోరు జారుతుందోనని అన్నీ తలకిందులుగా చెబుతోంది.

వెంటనే ఇంకో ఆలోచన వచ్చి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అన్నీ తలకిందులైతే, 'బోర్' కూడా తలకిందులే కదా!

ఇక్కడే నేను చెయ్యకూడని పని చేశాను. తెలిసిన సంగతిని కడుపులో దాచుకోవాల్సింది పోయి, ఆమె ముందు గొప్ప కొట్టాలనిపించింది. ఆ ఆదివారం సూది, "చిన్నరాజు జబ్బు నయమవుతుంది," అంది.

"చిన్నరాజు చనిపోతాడు," అన్నాను నేను.

సభ గొల్లుమంది. సీరియల్లో అందరి ముద్దుబిడ్డ చిన్నరాజు. శుక్రవారం చనిపోయాడు.

ఆ తర్వాత వారం ఆమె చాలాసేపు ఆలోచించి, "శత్రువులకి కోట తలుపు తెరిచింది సేనాపతి కాదని తేలుతుంది," అంది.

"సేనాపతే తెరిచాడు," అని, ఆమె వైపు చూసి కన్ను కొట్టాను.

ఆమె ముఖంలో రంగు మారిపోయింది. సిగ్గుపడిందనుకున్నాను. ఇంత తెలివితక్కువవాణ్ణి నన్ను మీరు క్షమించాలి.

శుక్రవారం సేనాపతే తెరిచాడని తేలింది. బాబాయ్ ఉబ్బితబ్బిబ్బై, జోస్యాల పుస్తకం పేజీకి ముందే తీసిపెట్టుకున్న ఫోటో నెట్‌లో పెట్టాడు. 'మా పళ్ల డాక్టరు చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది' అని కింద రాశాడు. ఒక్క రోజులో అది వేలమంది చూశారు.

ఆ ఆదివారం సూది రాలేదు.

బుధవారం మధ్యాహ్నం ల్యాబుకి వచ్చింది. నా చేతిలో పైదవడ పళ్ల సెట్టు ఉంది. ఆమె ఫోన్ తీసి ఆ ఫోటో చూపించింది. పేజీ అంచున ఒక చెయ్యి, మణికట్టుకి ఆకుపచ్చ దిండు.

"ఆ దిండు మా వర్క్‌షాపు నడిపే కటింగ్ మేడం తన చేత్తో కుట్టిచ్చింది. లోకంలో అలాంటివి నాలుగే ఉన్నాయి," అంది. "కథ బయటికి చెప్పానని నన్ను పనిలోకి రావద్దన్నారు. విచారణ అయ్యేదాకా."

పళ్ల సెట్టు చేతిలో ఉండగానే లేచి నిలబడ్డాను. "మీరు చెప్పలేదుగా!"

"మరి మీకెలా తెలిసింది?"

చెప్పాను. పద్నాలుగు తప్పుల సంగతి మొత్తం చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని వింది.

"ఆ సంగతి నన్ను అడగొచ్చు కదా?"

"అడిగితే మీరు ఇబ్బందిపడతారని..."

"అందరి ముందూ చెబితే ఇబ్బంది ఉండదా? ఆ పుస్తకంలో రాస్తే ఉండదా?"

పళ్ల సెట్టు బల్ల మీద పెట్టి తల దించుకున్నాను. "అంత ప్రమాదం అయితే అసలు సభకెందుకు వచ్చేవారు?" అని అడిగాను.

ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. "సేనాపతి నదిలో దూకినప్పుడు వేసుకున్న అంగీ గుర్తుందా? తడిస్తే బరువెక్కి నటుడు మునిగిపోతాడని పదకొండుసార్లు విప్పి కుట్టాను. ఇంట్లో చెప్పకూడదు, బయట చెప్పకూడదు. ఆ మొదటి రోజు మీరు ఆ అంగీ ఎంత బాగా తడిసిందో చాలాసేపు చెప్పారు. మెట్ల మీద నిలబడి విన్నాను. బస్సేం ఆలస్యం కాలేదు."

సిగ్గు లేకుండా ఒక్కటి మాత్రం అడిగాను. "మేడంతో నేను బోర్ అన్నారు. అదీ తలకిందులేనా?"

"సీరియల్ గురించీ, ఆ బస్సు గురించీ తప్ప నేనెక్కడా అబద్ధం చెప్పలేదు," అంది కళ్లు తుడుచుకుంటూ. "బోరే. ఇప్పుడు దానికి తోడు ప్రమాదం కూడా."

విసురుగా వెళ్లిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి, పుస్తకం పట్టుకుని ఆ వర్క్‌షాపుకి వెళ్లాను. పొడుగాటి హాలు, వరసగా కుట్టుమిషన్లు, గోడలకి తల లేని బొమ్మల మీద సైనికుల అంగీలు. ఒక మిషను ముందు కుర్చీ ఖాళీగా ఉంది. చివరన కటింగ్ మేడం, మోచేయంత కత్తెరతో.

"ఆ అమ్మాయి నాకు చెప్పినవన్నీ ఇందులో ఉన్నాయండీ," అన్నాను. "ఒక్కటి నిజం ఉంటే చూపించండి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పేజీ పేజీ చదివింది. మొదట కనుబొమలు ముడిపడ్డాయి. ఏడో జోస్యం దగ్గర పెదవులు బిగపట్టింది. పదో దాని దగ్గర భుజాలు కదలడం మొదలైంది.

"మంత్రగత్తె గుర్రాల వ్యాపారం పెడుతుందా?" అంది ఆఖరికి, నవ్వాపుకోలేక.

"ఆమె దాచింది. ఆ తప్పుల్ని తలకిందులు చేసి తవ్వింది నేను. తప్పంతా నాది."

"తలకిందులు చేస్తే అన్నీ నిజాలే కదయ్యా. నీకు నిజంగా ఏమీ చెప్పలేదని నేనెలా నమ్మాలి? సరే, ఆఖరి ఎపిసోడ్‌లో ఏం జరుగుతుందో చెప్పు."

ఆమె ఆఖరి ఎపిసోడ్ గురించి ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు. తలకిందులు చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. నాకు తోచిందే చెప్పాను.

"సేనాపతి ద్రోహం ఒప్పుకుంటాడు. ఉరి తీస్తారు. ఆ క్షణంలో మంత్రగత్తెకి అన్నీ గుర్తొస్తాయి. కానీ అప్పటికే..." ఆ సేనాపతి స్థానంలో ఎవరు కనిపించారో నేను చెప్పక్కర్లేదు. చేతిగుడ్డ తీసుకోవాల్సి వచ్చింది.

కటింగ్ మేడం కత్తెర పక్కన పెట్టింది. "ఓరి పిచ్చినాయనా, ఆ పిల్ల నీకేమన్నా చెప్పుంటే, ఇంత చక్కటి ముగింపు పెట్టుకుని ఇలా ఏడుస్తావా?"

అని నాలుక్కరుచుకుంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆవిడ మారుమాట్లాడకుండా సొరుగులోంచి ఒక కాగితం తీసి, "ఇక్కడ సంతకం పెట్టు. ఈ గదిలో విన్నది గుమ్మం దాటకూడదు," అంది. పెట్టాను. సాయంత్రానికి సూదిని పనిలోకి పిలిచారు. షరతు ఒక్కటే, ఆఖరి ఎపిసోడ్ అయ్యేదాకా ఆమె సభకి వెళ్లకూడదు.

బాబాయ్ కాళ్లావేళ్లా పడి ఆ ఫోటోని నెట్‌లోంచి తీసేయించాను. ఆదివారం సభలో, నావన్నీ గుడ్డి దెబ్బలని, ఇక జోస్యాలు చెప్పనని ప్రకటించాను. ఖాళీ కుర్చీ ముందు కూర్చుని సేనాపతి గురించి వాదించడం నా వల్ల కాలేదు. బాబాయ్ చెప్పినవాటన్నిటికీ ఔనన్నాను. ఆయనకి నా మీద అనుమానం వచ్చి జ్వరమా అని నుదురు పట్టుకు చూశాడు.

ఆఖరి వారం, గురువారం, ఫోన్ మోగింది.

"రేపు ఆరున్నరకి మా ఇంటికి రండి. సీరియల్ చూడ్డానికి," అంది సూది. "నేను పిలవట్లేదు. మా అమ్మమ్మ పిలుస్తోంది. ఆవిడకి పక్కన వాదించేవాళ్లు కావాలట."

ఆరింటికే వాళ్ల వీధి చివర నిలబడ్డాను. ఆరున్నరకి తలుపు కొట్టాను. అమ్మమ్మ టీవీకి సరిగ్గా ఎదురుగా కుర్చీ వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"బాబూ, నువ్వు చెప్పు. మంత్రగత్తెకి ప్రేమ ఉందా లేదా? ఇది లేదంటుంది."

"ఉందండీ," అన్నాను.

"అదీ! మా ఇంట్లోకి ఇన్నాళ్లకి తెలివైనవాడొకడు వచ్చాడు."

సూది వెనక బల్ల మీద కూర్చుంది. ఏడు కొట్టింది. సేనాపతిని ఉరి తీయలేదు, పదవి తీసేసి పంపించేశారు. ఆఖరి దృశ్యంలో అతను ఒక అంగడివీధిలో నడిచి వస్తాడు. మంత్రగత్తె మూలికలు అమ్ముకుంటూ ఉంటుంది. అతను గుర్తు చెయ్యడు, నిలదీయడు. "నన్ను మీరెరగరు. కాసేపు కూర్చోవచ్చా?" అంటాడు. ఆమె తన బుట్ట పక్కకి జరుపుతుంది. గాలికి ఆమె పైవస్త్రం అంచు మడత పడితే, లోపల సేనాపతి చిరిగిన అంగీ ముక్క అతికించి ఉంటుంది. ఎందుకు దాచుకుందో ఆమెకే తెలియదు.

నేను ఏడ్చాను. అమ్మమ్మ ఏడ్చింది. వెనక్కి తిరిగి చూస్తే సూది టీవీ చూడటం లేదు, నన్నే చూస్తోంది.

తర్వాత, ఇన్నాళ్లలో మొదటిసారి, తెర వెనక పనిచేసినవాళ్లందరి పేర్లూ పడ్డాయి. అమ్మమ్మ ఒక్క పేరు కూడా వదలకుండా చదివే రకం. 'కుట్టుపని' దగ్గర ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఏమేవ్, అది నువ్వేనా?"

"నేనే అమ్మమ్మా. ఆ అతుకు కుట్టింది కూడా నేనే."

"ఎప్పుడు?"

"ఎనిమిది నెలలైంది."

"ఎనిమిది నెలలు! ఈ కథంతా కడుపులో పెట్టుకుని, నేను శుక్రవారం శుక్రవారం గిలగిలా కొట్టుకుంటుంటే చోద్యం చూశావా? పైగా ఆవిడకి గుండె లేదని నాతోనే పోట్లాడావా?"

"సంతకం పెట్టాను అమ్మమ్మా!"

"నీ సంతకం తగలెయ్య," అంటూనే మనవరాలి చేతులు రెండూ పట్టుకుని వేళ్లు తిప్పి తిప్పి చూసుకుంది. ఆవిడ కళ్లల్లో గర్వం చూస్తే నాకు అక్కడ ఉండటం బాగుండదనిపించి వసారాలోకి వచ్చాను.

కాసేపటికి సూది కూడా వచ్చింది. సన్నగా చినుకులు పడుతున్నాయి.

"కటింగ్ మేడం అంతా చెప్పింది," అంది. "తప్పు మీదేనని నిలబడి చెప్పారట. ఏడ్చారట కూడా."

"ఏడ్చింది సేనాపతి కోసం."

"అదీ చెప్పింది."

ఎంత వాగుడుకాయనైనా, ఆ క్షణాన నా దగ్గర వాదన ఒక్కటీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"మీరంటే నాకు చాలా ఇష్టం. తెలివి చూపించబోయి మీ పనికే ఎసరు పెట్టాను. మళ్లీ అలాంటి తెలివి చూపించను. ఇక మీ ఇష్టం."

ఆమె మణికట్టు దిండులోంచి ఒక సూది తీసింది, మళ్లీ గుచ్చింది. మళ్లీ తీసింది. ఈసారి అంచనా వెయ్యడానికి నా దగ్గర పుస్తకం లేదు, పాత పేజీలు లేవు.

లోపలి నుంచి అమ్మమ్మ గొంతు వచ్చింది. "ఏదో ఒకటి చెప్పవే ఆ పిల్లాడికి! నన్ను ఎనిమిది నెలలు ఏడిపించింది చాలలేదా?"

సూది ముఖం ఎర్రబడింది. ఈసారి అది సిగ్గేనని నాకు ఖాయంగా తెలుసు.

"నాకూ నువ్వంటే ఇష్టమే," అంది. 'మీరు' ఎప్పుడు పోయిందో నేను గమనించేలోపే లోపలికి తిరిగి గట్టిగా, "చెప్పాను అమ్మమ్మా! వినిపించిందా?" అని అరిచింది.

"వినిపించింది, వినిపించింది. వీధంతా వినిపించింది. ఇక వానలో నిలబడింది చాలు, లోపలికి తీసుకురా. వాళ్ల అమ్మానాన్నలతో ఎప్పుడు మాట్లాడాలో నేను అడగాలి."